గుండిగ ఒకరిది, మూత ఒకరిది

"మూత కావాలని అడగడానికి ఆడికి నోరు లేదేటి?" అన్నాడు సోములు, కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండా.

"గుండిగ కావాలని అడగడానికి నీకున్నాదేటి?" అంది దానమ్మ.

మిషను ఆగింది.

సోములు భార్యను చూడలేదు. గోడకు చేరవేసి ఉన్న ఇత్తడి మూతను చూశాడు. బండిచక్రమంత మూత. మూడేళ్ళుగా అది ఏ పాత్ర మీదా కూర్చోలేదు. వేసవిలో వడియాలు పెట్టుకోవడానికి పనికొచ్చింది. ఇప్పుడు కూడా దాని అంచున రెండు వడియాలు అంటుకుని ఉన్నాయి.

"ఇవ్వనన్నానేటి నాను? అడిగితే ఇస్తాను. ఇది సంఘం సొత్తు. నాను సంఘపెద్దని. అడక్కుండా ఎత్తి ఇచ్చీడానికి మా అత్తోరు పెట్టిందేటి?"

"మావోళ్ళు పెట్టిందైతే ఈపాటికి ఇచ్చీసుందును," అంది దానమ్మ.

సరిగ్గా ఇవే మాటలు, మూత అన్నచోట గుండిగ అని మార్చి, గోడకు అవతల యోహాను తన భార్యతో చెబుతున్నాడు. అన్నదమ్ముల మధ్య సిద్ధాంతంలో ఎంత దూరమున్నా, మొండితనంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

మూడేళ్ళ కిందట ఊళ్ళో క్రైస్తవ సంఘం రెండయింది. ప్రభు బల్ల దగ్గర ద్రాక్షారసం అందరూ ఒకే గిన్నెలోంచి తాగాలా, ఎవరి చిన్న గ్లాసులో వాళ్ళు తాగాలా అన్నది ప్రశ్న. కలరా వచ్చిన ఏడాది చిన్న గ్లాసులు వచ్చాయి. కలరా వెళ్ళిపోయింది, గ్లాసులు ఉండిపోయాయి. ఒకే గిన్నె కావాలన్నవాళ్ళు లేచి వెళ్ళి ఊరి చివర పాక వేసుకున్నారు. యోహాను వాళ్ళతో వెళ్ళి అక్కడ పెద్ద అయ్యాడు. సోములు ఇక్కడ పెద్దగా మిగిలాడు.

ఆస్తి పంపకం జరిగింది. గంట, బల్లలు పాత గుడికి. చాపలు, హరికేన్ లాంతర్లు కొత్త పాకకు. ప్రేమవిందులకు వండే గుండిగ కొత్తవారికి, దాని మూత పాతవారికి. గుండిగను, మూతను విడదీసి పంచవచ్చునని ఆనాడు ఎవరికి తోచిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అది న్యాయంగా ఉందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. పంపకానికి కూర్చున్న మనిషి వెతికేది ప్రయోజనాన్ని కాదు, సమానాన్ని.

ఆ ఏడే అన్నదమ్ముల ఇంటి మధ్య మట్టిగోడ లేచింది.

దానమ్మ ఆ గోడ దగ్గరకు నడిచింది. ఆమె కళ్ళ ముందు నుంచి ఉదయపు దృశ్యం కదలడం లేదు. రోజూ చేపలగంపతో వచ్చే అసిరమ్మ ఈరోజు గంప లేకుండా వచ్చింది. తల మీద గుడ్డ చుట్టకుదురు మాత్రం ఉంది. నిన్న సాయంత్రం కళింగపట్నం పక్కన ఆమె పల్లెలో ఒక పొయ్యి నిప్పు గాలికి లేచింది. తాటాకు ఇళ్ళు ఒకదాని వెంట ఒకటి అంటుకున్నాయి. ప్రాణాలు దక్కాయి. వలలు, ఎండుచేప, తిండిగింజ, ఏవీ దక్కలేదు.

"పొద్దున్న నెగిసి ఏటి సెయ్యాలో తెలీనేదు, దానమ్మా. కాళ్ళు ఇలగ నడిసీసినాయి. అలవాటు గదా," అంది అసిరమ్మ, ఖాళీ తల తడుముకుంటూ.

"పొద్దు కుంకక ముందు అన్నం తెస్తాను. నీకొక్కదానికి కాదు, పల్లెకంతటికీ," అంది దానమ్మ.

మాట ముందు వచ్చింది. ఆలోచన తరవాత వచ్చింది. అసిరమ్మ ఆ మాట మోసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు పల్లెలో అందరికీ చెప్పే ఉంటుంది.

బియ్యానికి లోటు లేదు. ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడి పేర ఒక గుప్పెడు తీసి విడిగా వెయ్యడం రెండు సంఘాల ఇళ్ళలోనూ ఉంది. పాత గుడి గుప్పెళ్ళన్నీ దానమ్మ దగ్గర ఒక డబ్బాలో చేరతాయి, కొత్తవారివి యోహాను భార్య పద్మకుమారి దగ్గర మరో డబ్బాలో. కాని పల్లెకంతటికీ వండగల పాత్ర ఊళ్ళో ఒక్కటే. మూత లేకుండా అది తొందరగా ఉడకదు. ఉడికినా, సముద్రం దాకా ఇసక బాటలో బండి మీద వెళితే చివరికి మిగిలేది సగం అన్నం, సగం ఇసక.

తోటికోడలితో దానమ్మకు మాటలు లేవు. గోడతో మాట్లాడటానికి అభ్యంతరం లేదు.

"ఓ గోడా, అవతలోళ్ళకి సెప్పు. అసిరమ్మోళ్ళ పల్లె కాలిపోనాది. పిల్లలు పస్తున్నారు. గుండిగ ఒక్క పూటకి గావాల."

అవతల గాజులు చప్పుడయ్యాయి. పద్మకుమారి గరివిడి కార్ఖానా క్వార్టర్లలో పెరిగిన పిల్ల. మొదట్లో ఈ గోడ సంభాషణలకు ఆమెకు నవ్వు వచ్చేది. తరవాత తానూ నేర్చుకుంది.

"గోడా, నువ్వూ చెప్పు. నేను పొద్దున్నే విన్నాను. గుండిగ తోమి బోర్లించి పెట్టాను కూడా. బావగారు అడిగితే గాని ఇవ్వకూడదంట మా ఆయన."

"మరిది అడిగితే గాని మూత కదపడంట మా ఆయన. గోడా, ఈ మాట కూడా సేరవెయ్యి."

"గోడకి సెవులుంటాయంటారు," అంది వీధిలోంచి ఒక గొంతు. "నోరు కూడా పెట్టీసినారు మీరు."

గోడ ఇంటిని చీల్చింది గాని వీధరుగును చీల్చలేకపోయింది. ఆ అరుగు నడుమ అన్నదమ్ముల తల్లి కూర్మమ్మ కూర్చుని ఉంది. ఆమె నెమ్మదిగా లేచి, గోడ వీధిలోకి ముగిసే చోట నిలబడింది. అక్కడ నిలబడితే రెండు ఇళ్ళూ కనబడతాయి.

"ఒరే సోములూ, మూత ఇయ్యి. ఒరే యోహానూ, గుండిగ ఇయ్యి. అడిగినాను. ఇద్దర్నీ అడిగినాను. ఇంకేటి అడ్డం?"

ఇద్దరూ గుమ్మాల్లోకి వచ్చారు.

"అది కాదమ్మా, సంఘంలో ఒక మాట—" అన్నాడు యోహాను.

"అడగాల్సింది నువ్వు కాదు గదా అమ్మా, అవతల సంఘం—" అన్నాడు సోములు.

"నాను ఏ సంఘం?"

ఒక ఆదివారం పాత గుడిలో చిన్న గ్లాసు, మరుసటి ఆదివారం కొత్త పాకలో పెద్ద గిన్నె. మూడేళ్ళుగా కూర్మమ్మ ఈ వంతు తప్పలేదు. రెండు సంఘాలూ ఆమెను తమ మనిషి అనే చెప్పుకుంటాయి. ఆమె ఏ సంఘాన్నీ తనదని చెప్పుకోదు, కాదనీ అనదు.

"మీ రెండు సంఘాలూ కలిసి అడిగినట్టే," అంది ఆమె. "బేగి తెండి. ఆకలికి మీ వంతులు తెలుస్తాయేటి?"

ఇవ్వడానికి ఇద్దరూ సిద్ధంగానే ఉన్నారు. అయినా సగం పొద్దు ఇవ్వడం ఆగిపోయింది. ఎదుటివాడు అడగాలని ఎదురుచూసే దానంలో దానం ఎంత, గర్వం ఎంత అని సోములు తరవాత చాలాసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు. ఆ క్షణంలో మాత్రం మూత అంచున ఉన్న వడియాలు గోటితో గీకి తీసి, నోట్లో వేసుకుని, మూత ఎత్తుకుని వీధిలోకి నడిచాడు.

పొయ్యి ఎక్కడ పెట్టాలన్నది తరవాతి చిక్కు. ఎవరి వాకిట్లోనూ కాదని తేలింది. గోడ చివరకు ఎదురుగా, వీధిలో, మూడు రాళ్ళు. సోములు మెడలో వేలాడుతున్న టేపు తీసి ఆ రాళ్ళకు రెండు గుమ్మాల నుంచి ఎంత దూరమో కొలిచాడు. యోహాను పక్కన నిలబడి అంకె చూశాడు.

"ఏటి మావా, పొయ్యికి సొక్కా కుడతన్నావా?"

బండి తోలుకుంటూ వచ్చిన గంగులు అడిగాడు. పక్కవీధి రైతు. గుడితోగాని పాకతోగాని అతనికి సంబంధం లేదు. సంగతి విని, ఎవరూ అడక్కుండానే బండి కట్టాడు. బండిలో ఒక మూట పెసరపప్పు కూడా ఉంది.

"ఈ పప్పు ఏ సంఘం కింద ఎయ్యాలి?" అన్నాడు మూట దించుతూ.

"గుండిగలో ఎయ్యి," అంది కూర్మమ్మ.

పులగం వండాలని నిర్ణయించారు. అంటే కూర్మమ్మ నిర్ణయించింది. దానమ్మ తన డబ్బాలోంచి బియ్యం తెచ్చి పోసింది. పద్మకుమారి తన డబ్బాలోంచి తెచ్చి పోసింది. ఒకరు పోస్తుంటే ఒకరు చూడనట్టు చూశారు. తెల్లటి బియ్యం, ఎర్రటి బియ్యం, ముక్కిపోయినవి, కొత్తవి, నూకలు, ఎన్నో ఇళ్ళ గుప్పెళ్ళు అడుగున కలిసిపోయాయి. ఏవి ఎవరివో చెప్పడం ఇక ఎవరి తరమూ కాదు.

ఇంతలో ప్రార్థన సంగతి వచ్చింది.

"పొయ్యి ముట్టించే ముందు ఒక మాట ప్రార్థన సెయ్యాల," అన్నాడు సోములు.

"సెయ్యాలి మరి," అన్నాడు యోహాను.

"నాను సేస్తాను."

"సెయ్యి అన్నా. నాను కూడా సేస్తాను."

"నాను సేసినాక నువ్వు ఆమెన్ అంటావా, అనవా?"

యోహాను ఆలోచించాడు. అతను అబద్ధమాడని మనిషి. అదే అతనితో వచ్చిన చిక్కు. "నువ్వు అనే మాటల్ని బట్టి ఉంటాది," అన్నాడు.

"ఆమెన్‌ని కూడా ఆమదాలవలస కొట్టులో ధాన్యం లాగ సూసి, పట్టి, అప్పుడు కొంటావేటి?"

యోహాను ఆమదాలవలసలో ధాన్యం వర్తకుడి దగ్గర గుమాస్తా. చురుక్కుమంది. "కొలవకుండా నువ్వు గుడ్డ కత్తిరిస్తావేటి?" అన్నాడు.

"ముందు పొయ్యి ముట్టించండొరే," అంది కూర్మమ్మ. "దేవుడు మీకన్న ముందు నెగిసినాడు. అతనికి తెలుసు."

ప్రార్థన పల్లెకు చేరాక చూసుకుందామని వాయిదా పడింది. పొయ్యి మండింది.

ఈ వాయిదా వెనక ఒక చిన్న సంగతి ఉండిపోయింది. దేవుడి పేర తీసిన గుప్పెడు బియ్యాన్ని ప్రార్థన కాకముందు నోట పెట్టకూడదు. ఉప్పు చూడటానికైనా కూడదు. ఈ కట్టుబాటు ఏ బోధకుడూ చెప్పింది కాదు. కూర్మమ్మ తెచ్చింది. ఆమె బాప్తిస్మానికి పూర్వం నైవేద్యాలు వండిన చేతుల్లోంచి అది వచ్చి ఉంటుంది. గిన్నె దగ్గర విడిపోయిన రెండు సంఘాలూ ఈనాటికీ ఏ పేచీ లేకుండా పాటించే నియమం అదొక్కటే.

ఎసరు మరిగింది. దానమ్మ దోసెడు కల్లుప్పు తెచ్చి వేసి, కట్టెలు తేవడానికి వెళ్ళింది.

పద్మకుమారి వచ్చింది. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. ఉప్పు వేశారో లేదో అడగాలి. ఎవరిని అడగాలో తెలుసు. అడగటానికి గోడ కూడా దగ్గర లేదు. తనూ ఒక దోసెడు తెచ్చి వేసింది.

ఎండ వాలసాగింది. మూత కింద గుండిగ తృప్తిగా గుటగుటలాడింది. అన్నదమ్ములిద్దరూ చెరో పక్క కూర్చుని కట్టెలు ఎగదోస్తున్నారు. మాట లేదు. కాని సోములు వైపు మంట తగ్గినప్పుడు యోహాను తన వైపు కట్టె ఒకటి అటు తోశాడు. సోములు దాన్ని చూడనట్టు పొయ్యిలో పెట్టాడు.

గుండిగను బండి ఎక్కించే ముందు గంగులు మూత తీశాడు. వాసన బాగుంది. అతనికి ఏ సంఘపు నియమమూ లేదు. గరిటె ముంచి, ఊది, అరచేతిలో వేసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

అతని ముఖం కాసేపు ఏ భావమూ లేకుండా ఉంది.

"ఏటయినాది?" అంది దానమ్మ.

గంగులు మింగాడు. నీళ్ళకోసం చెయ్యి చాపాడు. చెంబెడు తాగాడు.

"సముద్రం కాడికి మనం ఎళ్ళక్కర్లేదు, అత్తా," అన్నాడు. "సముద్రమే ఇక్కడికొచ్చీసినాది."

దానమ్మ పడమటికి చూసింది. పొద్దు తాటితోపు వైపు వాలుతోంది. అసిరమ్మ పిల్లలను పోగుచేసి ఇసకలో కూర్చోబెట్టి ఉంటుంది. 'దానమ్మ మాట తప్పదు' అని ఉంటుంది.

దానమ్మ తోటికోడలి వైపు తిరిగింది. మధ్యలో గోడ లేదు.

"నువ్వేసినావేటి, ఉప్పు?"

పద్మకుమారి ముఖం పాలిపోయింది. "మీరు... మీరూ వేశారా?"

"దోసెడు."

"నేనూ దోసెడే."

మూడేళ్ళ తరవాత ఇద్దరూ నేరుగా ఆడుకున్న మొదటి మాటలు అవి. తమ మౌనం ఎంత బరువుందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. రెండు దోసెళ్ళు.

పద్మకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అడుగుదామనుకున్నాను, అప్పా," అంది.

అక్కను పిలిచినట్టు అప్ప అన్న ఆ పిలుపు విని దానమ్మ పెదవులు వణికాయి. అది ఏడుపు కాదు. ముందు ముక్కులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. తరవాత భుజాలు కదిలాయి. చివరకు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాయి మీద కూలబడి నవ్వింది. పద్మకుమారి ఏడుస్తూనే నవ్వింది.

"నవ్వుతన్నారేటి?" అన్నాడు సోములు. "పల్లెకేటి సెప్తాం?"

"ఉప్పు తియ్యడం ఎవుడికీ రాదు," అంది కూర్మమ్మ. "అన్నం కలపడం మనకొచ్చు. ఉప్పు లేకుండా ఇంకో గుండిగ వండి దీంట్లో కలిపీండి. బియ్యం తెండి."

తోటికోడళ్ళ నవ్వు ఆగిపోయింది. ఇద్దరూ నేల చూపులు చూశారు.

"బియ్యం అయిపోనాయేటి?" అన్నాడు యోహాను.

పద్మకుమారి ముందు నోరు విప్పింది. "మా డబ్బాలో ఇంకా ఉన్నాయి. అన్నీ తేలేదు నేను. వచ్చే నెల కూటాలకి బోధకులు వస్తారు కదా, వాళ్ళకని ఉంచాను."

"మా దాంట్లోనూ ఉన్నాయి," అంది దానమ్మ, కొంగు చివర ముడి వేస్తూ. "సగం కన్నా ఎక్కువే ఉన్నాయి. కోతల పండక్కి మా గుడి అర్పణ తక్కువ కనబడకూడదని ఉంచీసినాను."

మంచి పని చేస్తూ కూడా మనిషి ఒక చెయ్యి వెనక దాచుకుంటాడు. ఆ చేతిని బయటికి లాగడానికి ఒక్కోసారి ఉపదేశం చాలదు, ఉప్పు కావాలి.

రెండు డబ్బాలూ వచ్చాయి. పులగాన్ని రెండు ఇళ్ళ తప్పేలాల్లోకి తోడి, గుండిగ ఖాళీ చేసి మళ్ళీ పొయ్యెక్కించారు. ఈసారి డబ్బాలు అడుగంటా బోర్లించారు. యోహాను అన్న ఇంట్లోంచి కట్టెలు మోసుకొచ్చాడు. మూడేళ్ళలో ఆ గుమ్మం దాటడం అదే మొదలని ఎవరూ గుర్తు చెయ్యలేదు. సోములు తమ్ముడి నూతిలో నీళ్ళు తోడాడు. తోటికోడళ్ళు పొయ్యి పక్కనుంచి కదలలేదు.

"అప్పా, ఉప్పు వెయ్యలేదు నేను."

"నానూ ఎయ్యలేదు."

"మళ్ళీ చెప్తున్నాను, వెయ్యలేదు."

"ఒసే, తెలిసినాది. ఈపాలి ఊరంతా సాక్ష్యం."

చప్పటి అన్నాన్నీ ఉప్పు పులగాన్నీ గుండిగలో కలిపి బండెక్కించారు. బండి కదిలేసరికి పొద్దు తాటిచెట్ల మొవ్వుల్లో ఉంది. కూర్మమ్మ గుండిగ పక్కన కూర్చుని, మూత ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుంది. మిగిలిన నలుగురూ బండి వెనక నడిచారు. ఇసకలో చక్రాలు దిగబడ్డప్పుడు అన్నదమ్ములు చెరో చక్రం పట్టారు.

"ఎత్తన్నా."

"ఎత్తుతన్నాను. నువ్వు తొయ్యి."

దానమ్మ దారి పొడవునా వెనక్కి తిరిగి పడమటికే చూస్తూ నడిచింది. పొద్దు సగం మునిగింది. ఎర్రటి అంచు మిగిలింది.

పల్లె ముందర ఇసక దిబ్బ మీద అసిరమ్మ ఒక్కతే నిలబడి ఉంది. ఆమె వెనక నల్లటి గుంజలు, బూడిద, వాటి మధ్య కూర్చున్న మనుషులు. బండిని చూసి ఆమె కదలలేదు. దగ్గరికి వచ్చాక చేత్తో పడమటి అంచును చూపించింది.

"ఇంకా ఉన్నాది," అంది. "అది కుంకీదాకా నానిక్కణ్ణించి కదలనని సెప్పినాను ఈళ్ళకి. నవ్వినారు."

దానమ్మ అసిరమ్మ భుజం పట్టుకుంది. పట్టుకున్న చేతికి మసి అంటింది.

పిల్లలు ముందు వచ్చారు. తరవాత ఆడవాళ్ళు. మగవాళ్ళు దూరంగా, ఒడ్డుకు లాగిన తెప్పల దగ్గర నిలబడ్డారు. అన్నం తీసుకోవడం వాళ్ళకు అలవాటు లేదు. సముద్రం నుంచి తప్ప ఎవరి దగ్గరా తీసుకున్నవాళ్ళు కారు.

అసిరమ్మ గుండిగలోకి తొంగిచూసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇంతకీ ఇది ఎవుళ్ళది? పెద్ద గిన్నోళ్ళదా, సిన్న గిన్నోళ్ళదా?"

ఊళ్ళో రెండు సంఘాలకూ చేపల అమ్మకంలో ఆమె పెట్టుకున్న పేర్లు అవి. సోములు యోహానును చూశాడు. యోహాను సోములును చూశాడు. ఇద్దరి సంఘాల పేర్లూ నాలుక చివరన ఉన్నాయి.

"గుండిగోళ్ళం," అంది దానమ్మ. "ఆకులు తియ్యి."

"దండం ఎట్టుకోరేటి మీరు?" అంది అసిరమ్మ. "తినే ముందు ఎట్టుకుంటారు గదా. మాకు పర్లేదు, ఎట్టుకోండి."

వాయిదా పడిన ప్రార్థన వచ్చి ఎదురుగా నిలబడింది. పిల్లల చేతుల్లో ఆకులు సిద్ధంగా ఉన్నాయి. సోములు కళ్ళు మూసుకున్నాడు. అదే క్షణంలో యోహాను కళ్ళు మూసుకున్నాడు. ఒకరు మొదలుపెట్టింది ఒకరికి తెలియలేదు. చిన్నప్పుడు కిరోసిన్ బుడ్డి ముందు కూర్చోబెట్టి కూర్మమ్మ నేర్పిన నాలుగు ముక్కల ప్రార్థన ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది. మధ్యలో గుర్తించి ఇద్దరూ తడబడ్డారు. ఆపితే ఎవరు ఆపాలన్న ప్రశ్న వస్తుంది. అందుకని ఇద్దరూ ఆపలేదు. చివర వచ్చిన ఆమెన్‌లో ఎవరిది ఎవరి ప్రార్థనకు అన్నది విడదీయడానికి వీలులేకపోయింది.

కూర్మమ్మ బండి మీంచి మూత ఎత్తింది.

మగవాళ్ళ కోసం గంగులు వెళ్ళాడు. "రండి బావా. ఉప్పు తక్కువైతే మీ సముద్రం ఉన్నాది, ఎక్కువైతే మా నీళ్ళున్నాయి," అన్నాడు. ఒకాయన నవ్వాడు. నవ్వినవాడు ముందు నడిచాడు. మిగిలినవాళ్ళు వెనక వచ్చారు.

"ఉప్పు సరిపోనాది," అంది అసిరమ్మ, రెండో ముద్ద తింటూ.

తోటికోడళ్ళు ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

మరునాడు ఆదివారం. రెండు సంఘాల్లోనూ ప్రభు బల్ల ఉన్న ఆదివారం.

తెల్లవారాక సోములు తెల్లచొక్కా తొడుక్కుంటుండగా పెరట్లో దబ్ దబ్‌మని చప్పుడు వినబడింది. మట్టిపెళ్ళలు రాలుతున్న చప్పుడు. బయటికి వచ్చి చూశాడు.

యోహాను గోడ మీద కాళ్ళు చెరోవైపు వేసుకుని కూర్చుని గునపంతో పై వరస పగలగొడుతున్నాడు. అతనూ తెల్లచొక్కాలోనే ఉన్నాడు. గోడకు అటు పద్మకుమారి, ఇటు దానమ్మ గుండిగను పట్టుకుని నిలబడ్డారు. మూత దాని మీదే ఉంది.

"ఏటిది?" అన్నాడు సోములు.

"ఎవరింట్లో పెట్టాలో తేలలేదు, బావగారూ," అంది పద్మకుమారి. "గోడ మీద పెట్టమంది అత్త."

"గోడ మీద కూకోడం లేదు, వాలిపోతన్నాది," అంది దానమ్మ. "రెండు వరసలు తీస్తే కూకుంటాది."

"గుండిగకి రెండు వరసలు సాలు," అంది వీధరుగు మీంచి కూర్మమ్మ. ఆమె స్నానం చేసి, తలకు ముసుగు వేసుకుని, కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. "మనిసికెన్ని వరసలు తియ్యాలో ఎవుడైనా కొలవండి. టేపు ఉన్నాది గదా."

"అమ్మా, ఈ ఆదివారం నీ వంతు ఎక్కడ?" అన్నాడు యోహాను.

"నా వంతులు అయిపోనాయి. ఈ కాళ్ళు రెండు బల్లలకి తిరగలేవు. మీరిద్దరూ ఒక మాట అనుకుని సెప్పండి, ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. అనుకోకపోతే ఇక్కడే కూకుంటాను."

ఊళ్ళో పాత గుడి గంట ఇంకా మోగలేదు. ఆ గంట కొట్టవలసినవాడు సోములు. ఈపాటికి మొదటి గంట పడాలి. గుడి ముందు జనం నిలబడి తాడు వైపు చూస్తూ ఉంటారు. ఊరి చివర పాకలో యోహాను కోసం చూస్తూ ఉంటారు. నిన్న వీధిలో ఎవరు ఎవరి కట్టెలు మోశారో, ఎవరి ఆమెన్ ఎవరితో కలిసిందో ఈపాటికి రెండు చోట్లా తెలిసే ఉంటుంది.

సోములు గోడ దగ్గరకు నడిచాడు. రాలిన పెళ్ళలను చూశాడు. ఈ గోడకు మట్టి తొక్కింది తన కాళ్ళే. ఎవరిని శిక్షించడానికి తొక్కాడో గుర్తు తెచ్చుకోబోయాడు. ముఖం ఏదీ కనబడలేదు.

పైనున్న తమ్ముడి వైపు చెయ్యి చాపాడు.

"ఒరే యోహానూ."

"ఏటన్నా?"

సోములు గొంతు సర్దుకున్నాడు. మూడేళ్ళుగా ఆ గొంతు తమ్ముణ్ణి ఏదీ అడగలేదు. దానమ్మ గుండిగను మరింత గట్టిగా పట్టుకుంది.

"ఆ గునపం ఒకపాలి ఇలగియ్యి," అన్నాడు.

పగలగొట్టడానికో, లాక్కుని మూల పడెయ్యడానికో యోహానుకు తెలియలేదు. అన్న అడిగాడు. గునపాన్ని తిప్పి, మొన తన వైపు ఉంచుకుని అందించాడు.